గత్తర పోయాక బతుకు లెక్కలు

కరీంనగర్ పల్లెల్లో బతుకుదెరువు ఎక్కడని అడిగితే చాలాకాలంగా వినపడే జవాబు మూడు మాటలే: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. 2020 మార్చి నెలాఖరుకు రైళ్లు ఆగి బొంబాయి దారి, విమానాలు ఆగి దుబాయి దారి మూసుకుపోయాయి. ఏప్రిల్‌లో సింగరేణి భూగర్భ గనులకు లేఆఫ్ పడింది, ఓపెన్‌కాస్టులు మాత్రం నడిచాయి. మూడు బాయిలకూ ఒకేసారి దెబ్బ తగలడం ఈ ప్రాంతం అంతకుముందు ఎరగదు.

అప్పటి నుంచి ఒక చర్చ నలుగుతూనే ఉంది. కరోనా తర్వాత మనుషుల ఆలోచనే మారిపోయిందనేవాళ్లు ఒకవైపు, మాస్కు తీసిన మర్నాటి నుంచి అంతా మామూలేననేవాళ్లు మరోవైపు. ఇద్దరి చేతిలోనూ అంకెలున్నాయి. తమాషా ఏమిటంటే ఆ అంకెల్లో ఏవీ అబద్ధం కాదు. అవి వేర్వేరు మనుషుల గురించి, వేర్వేరు ఏళ్ల గురించి చెప్తున్నాయి. చదువు, వలస, పెళ్లి, భూమి, కొలువు అన్నింటినీ 'జీవిత ప్రణాళిక' అనే ఒక్క సంచిలో వేసి, అది మారిందా లేదా అని అడగడంతో చర్చ చిక్కుపడింది.

ఈ చిక్కును మంథని వైపు నుంచి విప్పి చూడడానికి కారణముంది. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరు వేద పండితులకు పేరు. 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావును శాసనసభకు పంపిన నియోజకవర్గం. కొద్ది దూరంలోని సెంటినరీ కాలనీ దగ్గర బొగ్గు గనులు, జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. చుట్టూ వరి. పడమటికి పోతే జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ పల్లెలు, నది దాటితే పాత ఆదిలాబాద్. పౌరోహిత్యం, బొగ్గు, సేద్యం, ఇంజనీరింగ్ సీటు, గల్ఫ్ వీసా: ఐదు రకాల బతుకు లెక్కలు కొద్ది గంటల ప్రయాణంలో కనిపించే చోటు.

గత్తర, కోరంటి, సూరత్

తెలంగాణలో కలరాను గత్తర అంటారు. జబ్బు పేరే భయానికీ గందరగోళానికీ పేరైపోయింది. మశూచి పోస్తే పోచమ్మను తలిచారు. ప్లేగు వస్తే ఊరొదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు, ఎలుకలు పడడం ఆగాక తిరిగొచ్చారు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రిని పాతతరం కోరంటి దవాఖాన అనేది. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో పడి అలా అయింది. 2020లో పత్రికలు కొత్త మాటగా పరిచయం చేసిన క్వారంటైన్ నిజానికి మనకు వందేళ్ల నాటి చుట్టం.

1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో ఇక్కడి మనుషులు ఏమనుకున్నారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. జనాభా లెక్కలు మాత్రం మిగిలాయి. హైదరాబాద్ రాజ్యంలో 1911లో సుమారు 1 కోటి 34 లక్షల మంది ఉండగా 1921 నాటికి 1 కోటి 25 లక్షలయ్యారు. ఆ పదేళ్లలో కరువు, ప్లేగు కూడా ఉన్నాయి కాబట్టి నేరమంతా ఒక్క జబ్బు మీద మోపలేం. దేశం మొత్తంలో ఇన్‌ఫ్లుయెంజాకు పోయినవాళ్ల అంచనాలు కోటీ 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా ఉన్నాయి. పోయినవాళ్లలో ముసలివాళ్ల కంటే 20 నుంచి 40 ఏళ్ల వయసువాళ్లే ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ. పొలం పనికీ కాన్పుకూ రావలసిన వయసే తుడిచిపెట్టుకుపోయింది.

అర్థశాస్త్రంలో ఈ విషాదం మీద ఒక పేరున్న వాదం నడిచింది. పల్లెల్లో పనికి మించిన మనుషులు ఉన్నారని, కొందరు తగ్గినా పంట తగ్గదని అప్పట్లో ఒక నమ్మకం. థియోడర్ షుల్జ్ 1964లో తన పుస్తకంలో 1918 నాటి భారతదేశాన్నే పరీక్షగా తీసుకుని, మనుషులు పోయిన మేరకు సాగు విస్తీర్ణమూ తగ్గిందని, కాబట్టి మిగులు మనుషులన్న మాట తప్పని వాదించాడు. 1967లో అమర్త్యసేన్ ఆ లెక్కను ప్రశ్నించాడు. జబ్బు మనుషులను ఇంటికి ఒకరు చొప్పున సమానంగా పంచుకుని తీసుకుపోదు. కొన్ని ఇళ్లు మొత్తం కూలుతాయి, కొన్నింటిని ముట్టదు. సగటు చూసి ఇంటి సంగతి చెప్పలేం. వందేళ్ల తర్వాత కరోనా చర్చలోనూ ఇదే తగువు మళ్లీ లేచింది కనుక దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ 1994 సూరత్. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి నేత కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్న నగరం అది. ఆ సెప్టెంబరులో ప్లేగు అన్న మాట పొక్కగానే కొద్ది రోజుల్లో లక్షల మంది రైళ్లెక్కి పోయారు. నెలలు తిరక్కుండానే మగ్గాల చప్పుడు మళ్లీ మొదలైంది. ఊరు మాత్రం మారింది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో చెత్త, మురుగు, మురికివాడల తీరు మారి, దేశంలో శుభ్రమైన నగరాల్లో ఒకటన్న పేరు వచ్చింది. కార్మికుడి లెక్క మారలేదు, మునిసిపాలిటీ లెక్క మారింది. మహమ్మారి ఎవరిని మార్చింది అని అడిగేటప్పుడు సంస్థను, మనిషిని విడివిడిగా చూడాలని సూరత్ చెప్తుంది.

మన దగ్గర జరిగిన క్రమం

తేదీలు త్వరగా చూసుకుందాం. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. అదే నెల మూడో వారంలో కరీంనగర్‌లో విదేశాల నుంచి వచ్చిన ఒక బృందంలో కేసులు తేలడంతో కొన్ని వీధులను చుట్టుముట్టి ఇంటింటి పరీక్షలు చేశారు. కంటైన్‌మెంట్ అన్న మాట దేశమంతా పాకకముందే కరీంనగర్ అది చూసింది. మే 1న వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు హైదరాబాద్ లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. మే 7 నుంచి వందేభారత్ విమానాల్లో గల్ఫ్ నుంచి మనవాళ్లు రావడం మొదలైంది. బడులు 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు తెరిచి మార్చిలో మూశారు, సెప్టెంబరు 1న మళ్లీ తెరిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న.

ఈ మూడేళ్లలో కొన్ని ప్రణాళికలు ఆగాయి, కొన్ని పోయాయి, కొన్ని ముందుకు జరిగాయి. పెళ్లిళ్లు, గోదావరి ఒడ్డు కర్మలు ఆగితే పౌరోహిత్యం మీద బతికే ఇళ్లలో పొయ్యి చల్లబడింది. ప్రైవేటు బడుల టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. బీఈడీ చేసిన మనిషి రేషన్ దుకాణం ముందు ఆ బియ్యం కోసం సంచి పట్టుకుని నిలబడ్డాడంటే, ప్రణాళిక కూలడం అన్న మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

పాత దారే అనేవారి వాదం

మొదటి వాదం సాదాసీదాగా ఉంటుంది. మహమ్మారి ఒక వరద. వచ్చినప్పుడు అన్నీ మునుగుతాయి, తీశాక నది పాత కట్టల మధ్యే పారుతుంది.

వీళ్లు చూపే అంకెలు గట్టివి. పది చదవని కార్మికులు గల్ఫ్ వంటి దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. దేశం మొత్తంలో అలాంటి క్లియరెన్సులు 2019లో సుమారు 3 లక్షల 68 వేలు. 2020లో 94 వేలకు పడిపోయాయి. 2022కల్లా 3 లక్షల 73 వేలు. గాయం మానిన చోట మచ్చ కూడా లేదు. అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 2020-21లో లక్షా 67 వేలైతే 2023-24లో 3 లక్షల 31 వేలు దాటారు. తగ్గిన దానికంటే పెరిగిందే ఎక్కువ.

బడి లెక్కలూ అదే పాట పాడతాయి. అసర్ విద్యా సర్వే నివేదికల ప్రకారం పల్లెల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడికి వెళ్లేవాళ్లు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం. ప్రభుత్వ బడికి మంచి రోజులొచ్చాయని అప్పుడు చాలామంది సంబరపడ్డారు. 2024లో అది 66.8కి దిగింది. ఫీజు కట్టే శక్తి రాగానే తల్లిదండ్రులు టీసీ తీసుకుని పాత దారి పట్టారు.

మానసిక శాస్త్రం నుంచి కూడా ఈ వాదానికి ఒక ఊతం దొరికింది. ముందు కాలం కొంచెమే ఉందనిపిస్తే మనిషి సంపాదన, పేరు వంటి దూరపు లక్ష్యాలను పక్కనబెట్టి దగ్గరి మనుషుల వైపు జరుగుతాడని లారా కార్‌స్టెన్సెన్ సిద్ధాంతం. 2003లో హాంకాంగ్‌లో సార్స్ వచ్చినప్పుడు హెలీన్ ఫంగ్‌తో కలిసి ఆమె చూసిందేమిటంటే, జబ్బు భయం ఉన్నన్నాళ్లూ కుర్రవాళ్లు కూడా ముసలివాళ్లలాగే దగ్గరివాళ్లనే కోరుకున్నారు. భయం పోయాక కుర్రతనం తిరిగొచ్చింది. మనవాళ్లు శ్మశాన వైరాగ్యం అని ఏనాడో పేరు పెట్టిన సంగతే.

మనిషి మారాడనేవారి వాదం

రెండో వర్గం ఇంత తేలిగ్గా ఒప్పుకోదు. కార్ల్ మన్‌హైమ్ 1928లోనే చెప్పినట్టు పదిహేడు, ఇరవై, ఇరవై ఐదేళ్ల వయసులో తగిలిన పెద్ద దెబ్బ ఆ తరాన్ని జీవితాంతం వదలదని వీళ్ల మాట. ఉల్రికే మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 2011లో అమెరికా మదుపుదారుల మీద చేసిన పరిశీలన ఇందుకు బలం: కుర్రతనంలో మార్కెట్లు కూలడం చూసినవాళ్లు ముసలితనంలోనూ డబ్బు సాహసం తక్కువ చేశారు. గ్లెన్ ఎల్డర్ 1974 పుస్తకం ఇంకాస్త లోతుకు పోయింది. 1930ల మాంద్యంలో 1920-21లో పుట్టిన పిల్లలు పనుల్లోకి దిగి గట్టిపడ్డారు. అదే దెబ్బ 1928-29లో పుట్టిన మగపిల్లలను ఎక్కువ కుంగదీసింది. ఒకే ఉత్పాతం, ఎనిమిదేళ్ల తేడా, రెండు రకాల బతుకులు.

కష్టం మనిషిని పెంచుతుందనే మరో శాఖ కూడా ఇందులో ఉంది. రిచర్డ్ టెడెస్చి, లారెన్స్ కాల్హూన్ 1990లలో దీనికి రూపం ఇచ్చారు. దీని మీద నాకు అనుమానమే ఎక్కువ. 'నేను మారాను' అని మనిషి చెప్పుకోవడం వేరు, అతని పాస్‌బుక్, చదువు, కాపురం మారడం వేరు. ఈ శాఖ ఎక్కువగా మొదటిదాన్నే కొలిచింది.

అంకెల్లో వీళ్లకు దొరికిన గట్టి ఆధారం సేద్యం. కేంద్రం జరిపే శ్రామిక సర్వేల ప్రకారం పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్లు 2018-19లో 42.5 శాతం. 2020-21లో 46.5కి చేరారు. 2023-24లోనూ 46.1 దగ్గరే ఉన్నారు. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన వాటా వెనక్కి తిరిగి అక్కడే నిలబడింది. వరద తీసింది, నీళ్లు మాత్రం పొలంలోనే ఉన్నాయి.

వేగమే మారిందనేవారు

మూడో వర్గానికి మార్పు ఉందా లేదా అన్న పేచీ పట్టదు. మహమ్మారి జల్లెడ వంటిది, అంతకుముందే ఉన్న తేడాలను తేల్చి చూపించిందంతేనని వీళ్ల వాదం. సింగరేణినే చూడండి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చేరువకు వచ్చారు. బొగ్గుబాయి కొలువు మీద పెట్టుకున్న ఆశ కరోనాకు ముందే సన్నగిల్లింది. టీచర్ల సంగతీ అంతే. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ టీచర్ల నియామక పరీక్ష (డీఎస్సీ) జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. ప్రైవేటు బడిలో చెప్తూ డీఎస్సీకి చదువుకునే మనిషి దారి మార్చుకుంటే, అది కరోనా చేసిన పనా, ఆరేళ్లు రాని నోటిఫికేషన్ చేసిన పనా?

కేరళ వలస సర్వే కూడా వీళ్ల వైపే మొగ్గుతుంది. విదేశాల్లో చదివే కేరళ విద్యార్థులు 2018లో లక్షా 29 వేలుంటే 2023కి 2 లక్షల 50 వేలయ్యారు. కూలికి పోయే వలస నిలకడగా ఉంటే చదువుకు పోయే వలస రెట్టింపైంది. ఆ ఒరవడి ముందే ఉంది, ఊపందుకుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకటి కనిపిస్తుంది. మొదటివాళ్లు గమ్యాన్ని కొలుస్తారు: దుబాయికి పోయారా, బడికి పోయారా. రెండోవాళ్లు వయసును కొలుస్తారు, మూడోవాళ్లు స్థోమతను. మొదటివాళ్ల బలం పెద్ద అంకెలు, లోపం ఆ అంకెల్లోని మనుషులు అప్పటివాళ్లేనా కాదా తెలియకపోవడం. రెండోవాళ్లకు కథ బలంగా ఉంది, రుజువు కావాలంటే ఇరవై ఏళ్లు ఆగాలి. మూడోవాళ్లు దాదాపు ఎప్పుడూ తప్పు కారు, ఎందుకంటే ప్రతి మార్పుకూ ముందు ఏదో ఒక ఒరవడి దొరుకుతుంది. ఎప్పుడూ తప్పు కాని వాదాన్ని కాస్త అనుమానించాలి.

దుబాయి లెక్క దగ్గరగా

గల్ఫ్ సంగతి ఆగి చూడాల్సినది. అక్కడికి పోవడమంటే ఒక కాగితం మీద మొదలయ్యే లెక్క. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, దాని మీద మిత్తి, అక్కడి జీతం, అకామా (నివాస అనుమతి) గడువు. ఉదాహరణకు నూటికి 3 రూపాయల మిత్తికి లక్ష తెచ్చినవాడి మీద నెలకు 3,000 పడుతుంది. వీసా చేతికొచ్చి విమానం లేక 14 నెలలు ఇంట్లో కూర్చుంటే మిత్తే 42,000. గల్ఫ్‌కు పోదామన్న ఆలోచన అతను మానుకున్నాడా లేదా అని సర్వే అడుగుతుంది. మానుకునే వీలే లేదు. అప్పు తీరాలంటే పోవాల్సిందే. 2022లో క్లియరెన్సులు పాత అంకెను అందుకోవడంలో ఆశ ఎంత, మిత్తి ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

అక్కడ చిక్కుకున్నవాళ్ల లెక్క మరో రకం. కంపెనీ వదిలి బయట పనిచేసేవాణ్ని కల్లివెల్లి అంటారు, గల్ఫ్ నుంచి మన పల్లెల్లోకి దిగిన మాట అది. అకామా లేక, దవాఖానకు పోలేక, టికెట్టు లేక కల్లివెల్లి మనుషులు ఎక్కువ అవస్థ పడ్డారు. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కొలువులకు పెట్టిన కనీస వేతనాల పరిమితిని 30 నుంచి 50 శాతం తగ్గించింది, ఉద్యోగాలు పోకుండా కాపాడడానికని కారణం చెప్పింది. గల్ఫ్ కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జులైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి. ఆ పది నెలల్లో ఒప్పందం చేసుకున్నవాడు తక్కువ జీతానికి పోతే, అతనూ క్లియరెన్సుల లెక్కలో ఒక అంకె. గమ్యం అదే, బతుకు అది కాదు.

ఇక్కడే ఈ చర్చలోని పెద్ద లోపం బయటపడుతుందని నా అభిప్రాయం. మూడు వాదాలూ ప్రణాళికను మనిషికి కట్టి చూస్తాయి. ఉత్తర తెలంగాణలో ప్రణాళిక ఇంటిది. పెద్దోడు దుబాయికి పోతే పంపే పైసలతో చిన్నోడి ఇంజనీరింగ్, ఆ కొలువు వచ్చాక చెల్లె పెళ్లి, మిగిలితే స్లాబు ఇల్లు. ఈ గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఊడిన చోటే నష్టం ఆగదు. పెద్దోడు మళ్లీ విమానం ఎక్కితే సర్వేలో 'మార్పు లేదు' అని పడుతుంది. ఆ ఎక్కడానికి తెచ్చిన కొత్త అప్పు కోసం చిన్నోడు డిగ్రీ మధ్యలో వదిలాడా, చెల్లె పెళ్లి ముందుకు జరిగిందా అన్నది వేరే పట్టికలో, వేరే ఏడాదిలో, ఎవరూ కలిపి చూడని చోట ఉంటుంది. ఇంట్లో ప్రణాళికలు చేతులు మారాయి. సగటు మాత్రం కదలలేదు. సేన్ 1967లో షుల్జ్‌కు చెప్పింది దాదాపు ఇదే.

ఆడపిల్లల పెళ్లి దీనికి గట్టి పరీక్ష, ఆధారం మాత్రం బలహీనం. జాతీయ నేర గణాంకాల్లో బాల్యవివాహ నిషేధ చట్టం కింద నమోదైన కేసులు 2019లో 523, 2020లో 785. పెళ్లిళ్లే పెరిగాయా, ఫిర్యాదులు పెరిగాయా తేల్చలేం. తెలంగాణలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు 23.5 శాతమన్న కుటుంబ ఆరోగ్య సర్వే అంకెను కరోనాకు ముడిపెట్టి వాడుతుంటారు. అది తప్పు. ఆ సర్వే మన రాష్ట్రంలో 2019లోనే పూర్తయింది, కరోనా రాకముందు.

పరీక్ష రాయని తరం

వయసు వాదాన్ని పరీక్షించడానికి తెలంగాణలో ఒక బ్యాచ్ ఉంది. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు కొన్ని పేపర్లకే ఆగిపోయాయి. జూన్‌లో మిగతావి రద్దు చేసి 5 లక్షల 34 వేల మందినీ పాస్ చేశారు. ఆ పిల్లలే ఇంటర్లో చేరి, ఫస్టియర్ పాఠాలు ఎక్కువగా టీవీలోనూ ఫోన్లోనూ చూసి, పరీక్ష లేకుండా సెకండియర్‌కు వచ్చారు. 2021 అక్టోబరులో వాళ్లకు వెనక్కి తిరిగి ఫస్టియర్ పరీక్ష పెట్టారు. డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. ఫలితాల తర్వాత విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. వారం దాటేసరికి ప్రభుత్వం తప్పినవారందరికీ పాస్ మార్కులు వేసింది.

ఒకే బ్యాచ్‌ను రెండుసార్లు ప్రభుత్వ ఉత్తర్వే పాస్ చేసింది. మన ఇళ్లలో పదో తరగతి మార్కులంటే ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఇంకెంత ఫీజు అన్న లెక్కకు పునాది. ఆ పునాది లేకుండా కట్టిన ఇల్లు ఎలా నిలిచిందో ఇప్పుడు చూడొచ్చు, ఎందుకంటే ఆ పిల్లలు డిగ్రీలు ముగించే వయసుకొచ్చారు. పది పాసైనవాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. కాబట్టి ఈ బ్యాచ్‌లో గల్ఫ్‌కు పోయినవాళ్లు పైన చెప్పిన క్లియరెన్సుల లెక్కలోకి రానే రారు.

ఇక్కడ మనకొక అదృష్టముంది. యంగ్ లైవ్స్ అనే పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను వెంబడిస్తోంది. సగటును కాదు, అదే పిల్లను, అదే పిల్లవాణ్ని మళ్లీ మళ్లీ కలుస్తుంది. ఎంచుకున్న జిల్లాల్లో పాత కరీంనగర్ ఒకటి. 2020-21లో వాళ్లను ఫోన్‌లో అడిగారు. చదువు తెగడం, ఇంటి పని భారం ఆడపిల్లల మీద ఎక్కువ పడడం, మనసులో దిగులు బయటపడ్డాయి. 1994-95లో, 2001-02లో పుట్టిన రెండు జట్లు ఉండడం వల్ల ఎల్డర్ అడిగిన ప్రశ్నను మన నేల మీదే అడగొచ్చు. కరోనా నాటికి ఒక జట్టు పనుల్లో, కాపురాల్లో ఉంది, మరొకటి కాలేజీ గడప దగ్గర.

కరోనా తెచ్చిందా, కాళేశ్వరం తెచ్చిందా

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. సేద్యంలోకి తిరిగొచ్చినవాళ్లను కరోనా పంపిందని చెప్పేముందు మరో మూడు తేదీలు చూడాలి. రైతుకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు 2018 మేలో మొదలైంది, అదీ హుజూరాబాద్ ప్రాంతంలోనే. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు ప్రారంభమైంది 2019 జూన్ 21న. భూమి రికార్డుల ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న వచ్చింది. 2020-21 యాసంగిలో రాష్ట్రంలో వరి 50 లక్షల ఎకరాలు దాటింది. పట్నం నుంచి తిరిగొచ్చినవాడికి ఊళ్లో పని దొరికిందంటే, అతన్ని తరిమింది కరోనా, నిలిపింది నీళ్లు. ఉపాధి హామీ కూడా తోడైంది. దేశంలో 2019-20లో 265 కోట్ల పనిదినాలు జరిగితే 2020-21లో 389 కోట్లు.

నీళ్లు కూడా కుదురుగా లేవు. కాళేశ్వరం బరాజు వెనుక నీరు తమ పొలాల్లోకి వస్తోందని మంథని వైపు రైతులు మొరపెట్టుకున్నారు. 2022 జులైలో గోదావరి ఊళ్లోకే వచ్చింది. 2023 అక్టోబరులో ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజు పిల్లర్లు కుంగాయి. నాలుగేళ్లలో జబ్బు, నీరు, వరద, మళ్లీ నీటి అనుమానం. ఇందులో ఏ ఒక్కదాన్నీ విడదీసి ఇది కరోనా ప్రభావం అని చెప్పేవారిని, ఎలా విడదీశారని అడగాలి. దేశం మొత్తం సగటుల మీద రాసిన వ్యాసాల్లో ఈ ఇబ్బంది కనపడదు. మంథనిలో కనపడకుండా పోదు.

కొలువుల వైపు చూస్తే ఇంటి నుంచి పని అన్నదీ అంతే. కరీంనగర్ ఐటీ టవర్ 2020 జులైలో తెరుచుకుంది. హైదరాబాద్ కొలువును ఊరి నుంచే చేసుకోవచ్చన్న ఆశ ఆ రోజుల్లో బాగా వినపడింది. 2022 తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే రమ్మన్నాయి, పోయారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

తేలనివి

చావుల లెక్కే ఇంకా తేలలేదు. తెలంగాణ అధికారిక అంకె 4,111. మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం ప్రకటించాక వచ్చిన దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు. దేశంలో 2021 చివరికి అధికారిక మరణాలు 4 లక్షల 81 వేలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు మరణాలను 47 లక్షలుగా అంచనా వేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఇంటి పెద్ద పోయిన ఇళ్లు ఎన్నో తెలియకుండా, ఆ ఇళ్ల ప్రణాళికలు ఏమయ్యాయో ఎలా తెలుస్తుంది? తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ పథకం కింద 23వ ఏట 10 లక్షలు వస్తాయి. అప్పటిదాకా ఆ పిల్లల బాధ్యత తీసుకున్న మేనమామ ఇంటి లెక్క ఏ పథకంలోనూ లేదు.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కరోనా వల్లే వాయిదా పడ్డాయి. కొత్త లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే మహమ్మారి ముందు, తర్వాత అని పోల్చడానికి చేతిలో ఉండేవి 2011, 2027. మధ్యలో రాష్ట్రం విడిపోయింది, జిల్లాలు మారాయి, మంథని కరీంనగర్ నుంచి పెద్దపల్లికి వచ్చింది, నీళ్లొచ్చాయి. పదహారేళ్ల ఎడంలో ఒక్క మూడేళ్ల జబ్బు చేసిన పనిని పట్టుకోవడం కష్టం. కేరళ 1998 నుంచి కొన్నేళ్లకొకసారి వలస సర్వే చేస్తోంది. గల్ఫ్ మీద అంతగా ఆధారపడ్డ మన ఉత్తర తెలంగాణ జిల్లాలకు అంత నిలకడైన సర్వే లేదు.

పెద్ద లెక్కలు లేకపోయినా చిన్న కాగితాలున్నాయి. ప్రభుత్వ, ప్రైవేటు బడుల అడ్మిషన్ రిజిస్టర్లలో ఏ నెలలో ఎవరు టీసీ తీసుకున్నారో ఉంది. ఉపాధి హామీ మస్టర్లలో 2020 మేలో కొత్తగా పడిన పేర్లున్నాయి. పంచాయతీ మరణాల రిజిస్టరు ఉంది. ఒకే ఊరిలో ఈ మూడింటినీ ఇంటి పేరు పక్కన ఇంటి పేరు పెట్టి చూస్తే, ఇంట్లో ప్రణాళిక ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో ఇప్పటికైనా కనిపెట్టొచ్చు. పేర్లు బయటపెట్టకుండా, అనుమతితో చేయాల్సిన పని ఇది. మంథని, పెద్దపల్లి, జగిత్యాల డిగ్రీ కాలేజీల్లో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఒక్కో ఊరిని తీసుకుంటే చాలు. హెడ్మాస్టర్లకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక మనవి: పాత కాగితాల గది సర్దేటప్పుడు 2019 నుంచి 2022 దాకా ఉన్న రిజిస్టర్లను పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి.